రాగి పట్టిన వాయువు



గ్యాస్ వెల్డింగ్ నేర్చుకునే కుర్రాళ్ళకు మేస్త్రీ మొదట్లోనే ఒక మాట గట్టిగా చెబుతాడు. ఎసిటిలీన్ వచ్చే దారిలో రాగి గొట్టం పెట్టవద్దని. పైపు తెగింది కదా అని చేతికి దొరికిన రాగి ముక్కతో అతుకు వేయకూడదు. ఇత్తడి బిగింపులు వాడతారు, కానీ ఆ ఇత్తడిలో కూడా రాగి పాలు సుమారు 70 శాతం దాటకూడదు. పక్కనే ఉండే ఆక్సిజన్ పైపుకు ఈ పట్టింపు లేదు. ఇంకో విశేషం ఉంది. మంట వచ్చే నాజిల్ కొసను మాత్రం సాధారణంగా రాగితోనే చేస్తారు. అక్కడ వాయువు ఆగదు, వచ్చింది వచ్చినట్టే మండిపోతుంది. వాయువు ఆగి, రాగిని అంటిపెట్టుకుని రోజుల తరబడి ఉండే చోటనే భయం.

ఆ భయం ఎక్కడ పుట్టిందో, అదే భయం తర్వాత రబ్బరుగా, మందుగా, చివరికి నోబెల్ బహుమతిగా ఎలా మారిందో ఇవాళ మీతో చెప్పుకుందామని వచ్చాను. రాగి, ఎసిటిలీన్‌ల మధ్య ఏర్పడే ఒక్క బంధం చుట్టూ 160 ఏళ్ళకు పైగా నడిచిన చరిత్ర ఇది.

ముందు ఎసిటిలీన్ సంగతి నాలుగు మాటల్లో. అందులో రెండు కార్బన్ పరమాణువులు, రెండు హైడ్రోజన్ పరమాణువులు ఉంటాయి. కార్బన్‌లు రెండూ మూడు బంధాలతో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఇలా త్రిబంధం ఉన్న పదార్థాలను ఆల్కైన్‌లు అంటారు. వాటన్నిటిలోకీ చిన్నది ఎసిటిలీన్. త్రిబంధం చివరనున్న హైడ్రోజన్‌కు ఒక బలహీనత ఉంది. తగిన క్షారం దగ్గరుంటే, తగిన లోహం ఎదురైతే, అది తన చోటు ఖాళీ చేస్తుంది. ఆ చోట్లోకి వచ్చే లోహాల్లో ముఖ్యమైనది రాగి.

అయితే ఏ రాగి? పొలాల్లో పిచికారీ చేసే మైలుతుత్తం మనకు తెలుసు. అందులో ఉన్న రాగికి రెండు ధనావేశాలు. ఒకే ధనావేశం ఉన్న రాగి వేరే తీరుది. గాలి తగిలితే చాలు, మైలుతుత్తం తరహా రాగిగా మారిపోతుంది. గాలి సోకకుండా కాపాడితే మాత్రం ద్రావణంలో ఉన్న త్రిబంధాన్ని వెతికి మరీ పట్టుకుంటుంది. నేను చెప్పబోయే కథంతా ఈ ఒంటి ఆవేశపు రాగిది.

ఎసిటిలీన్‌ను మొదట చూసినవాడు ఎడ్మండ్ డేవీ. గని కార్మికుల రక్షక దీపం కనిపెట్టిన హంఫ్రీ డేవీకి దగ్గరి చుట్టం. 1836లో ఐర్లండులో, డబ్లిన్‌లో ఆచార్యుడిగా ఉంటూ, పొటాషియం లోహం తీయబోయాడు. లోహానికి బదులు నల్లని ముద్ద మిగిలింది. దాన్ని నీళ్ళలో వేస్తే ఒక వాయువు వచ్చింది. అంటిస్తే కళ్ళు మిరుమిట్లు గొలిపేలా మండింది. చౌకగా తయారుచేయగలిగితే దీపాలకు పనికొస్తుందని కూడా డేవీ అన్నాడు. ఆ తర్వాత రెండు దశాబ్దాల పాటు దాని సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

రాగి రంగప్రవేశం 1859లో. జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో రుడాల్ఫ్ బోట్గర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. ఆ రోజుల్లో యూరప్ నగరాల్లో వీధి దీపాలకు బొగ్గును మూసిన బట్టీల్లో కాల్చి తీసిన గ్యాసు వాడేవారు. బోట్గర్ ఆ గ్యాసును అమోనియా కలిపిన రాగి ద్రావణంలోంచి పోనిచ్చాడు. అడుగున ఎర్రని పొడి పేరుకుంది. తడిగా ఉన్నంతసేపూ నెమ్మదిగా ఉంది. ఆరాక వేడి తగిలినా, దెబ్బ తగిలినా పేలింది. ఆ పొడే రాగి ఎసిటిలైడ్.

ఆ పేలుడు గురించి ఒక్కమాట చెప్పాలి, ఎందుకంటే అది మామూలు పేలుడు కాదు. తుపాకిమందు పేలితే పొగ, వాయువులు ఎగదన్నుకు వస్తాయి. రాగి ఎసిటిలైడ్‌లో రాగి, కార్బన్ తప్ప మరేమీ లేవు. అది విచ్ఛిన్నమైతే మిగిలేవి రాగి, మసి. వాయువనేది దాదాపు పుట్టదు. త్రిబంధంలో దాగిన శక్తి ఒక్క క్షణంలో వేడిగా బయటపడటమే ఆ పేలుడంతా.

మరుసటి ఏడాది, 1860లో, ఈ ఎర్ర పొడి పారిస్‌లో మార్సెలాన్ బెర్తెలో చేతికి చిక్కింది. ఈ వాయువుకు ఎసిటిలీన్ అని పేరు పెట్టినవాడు ఆయనే. బెర్తెలోకు పెద్ద ఆశయం ఉంది. ప్రాణి శరీరంలో పుట్టే పదార్థాలకు ఏదో ప్రత్యేకమైన జీవశక్తి కావాలన్న నమ్మకం అప్పటికింకా పూర్తిగా పోలేదు. కార్బన్, హైడ్రోజన్ అనే మూలకాల నుంచి మొదలుపెట్టి, ప్రయోగశాలలోనే మెట్టుమెట్టుగా అలాంటి పదార్థాలను కట్టి చూపించాలని ఆయన పట్టుదల. 1862లో ఒక గాజు పాత్రలో రెండు కార్బన్ కడ్డీల మధ్య విద్యుత్ చాపం వెలిగించి, దాని చుట్టూ హైడ్రోజన్ ప్రవహింపజేశాడు. ఆ మహా వేడిలో మూలకాలు రెండూ నేరుగా కలిసి ఎసిటిలీన్ పుట్టింది. కానీ ప్రవాహమంతా హైడ్రోజనే, అందులో ఎసిటిలీన్ కొద్దిపాటిదే. అది పుట్టిందని ఎలా తెలియాలి? పుట్టినదాన్ని ఎలా వేరుచేయాలి?

రెండు పనులూ రాగే చేసింది. బయటికి వచ్చే వాయువును ఆయన రాగి ద్రావణంలోంచి పంపాడు. హైడ్రోజన్ దాటిపోయింది, ఎసిటిలీన్ ఎర్ర అవక్షేపంగా ఆగిపోయింది. ఆ అవక్షేపానికి ఆమ్లం కలిపితే రాగి తన పట్టు వదిలేసింది, శుద్ధమైన ఎసిటిలీన్ బయటికి వచ్చింది. ఎసిటిలీన్ నుంచి ఎథిలీన్, ఎథిలీన్ నుంచి ఆల్కహాలు, వేడిచేస్తే బెంజీన్, ఇలా మెట్లన్నీ అమరాయి. జీవశక్తి వాదాన్ని కదిలించిన ప్రయోగాలుగా ఇవి పేరుకెక్కాయి. వాటిలో రాగి ద్రావణం పాత్ర గురించి చాలా పుస్తకాలు ఒక్క వాక్యంతో సరిపెట్టేస్తాయి. నా దృష్టిలో అది అన్యాయం. పట్టుకుని, మళ్ళీ చెక్కుచెదరకుండా వదిలిపెట్టగల గుణం ఆ రాగికి లేకపోతే బెర్తెలో చేతికి ఏమీ మిగిలేది కాదు. తర్వాతి కాలంలో ఈ బంధం ఎక్కడెక్కడ మనిషికి ఉపకారం చేసిందో, అక్కడల్లా ఆ వదిలిపెట్టే గుణమే పనిచేసింది.

1869లో బాన్ నగరంలో కార్ల్ గ్లేజర్ ఇంకో అడుగు వేశాడు. ఎసిటిలీన్‌కు ఒక పక్క బెంజీన్ వలయం తగిలిస్తే ఫినైల్ ఎసిటిలీన్ అవుతుంది. దాని రాగి సమ్మేళనం పసుపుపచ్చగా ఉంటుంది. గ్లేజర్ దాన్ని అమోనియాలో, గాలి తగిలేలా ఉంచాడు. గాలిలోని ఆక్సిజన్ రాగిని తప్పించింది. విడిపడ్డ రెండు ఆల్కైన్ ముక్కలు ఒకదానితో ఒకటి అతుక్కున్నాయి. కార్బన్‌కూ కార్బన్‌కూ మధ్య కొత్త బంధం ఏర్పరచడం ఆనాటి రసాయనశాస్త్రంలో చాలా కష్టమైన పని. రాగి చేతిలో అది గాలి సాయంతోనే జరిగిపోయింది.

దీన్ని అందిపుచ్చుకున్నవాడు అడాల్ఫ్ ఫాన్ బాయర్. ఆయన ధ్యేయం నీలిమందు. 1882లో గ్లేజర్ పద్ధతిలో రెండు ఆల్కైన్ ముక్కలను రాగితో అతికి, అక్కడినుంచి నీలిమందు అణువును కట్టాడు. అది ప్రయోగశాల విజయమే గానీ ఫ్యాక్టరీ పద్ధతి కాలేకపోయింది. 1897లో జర్మన్ కంపెనీ బీఏఎస్ఎఫ్ వేరే దారిలో కృత్రిమ నీలిమందును మార్కెట్లోకి తెచ్చింది. ఆ దెబ్బకు బీహార్ నీలి తోటలతో పాటు మన కడప, కర్నూలు, నెల్లూరు ప్రాంతాల నీలిమందు సాగు, నీలి తొట్లు కూడా కుదేలయ్యాయి. కనుక రాగి సమ్మేళనం మన రైతుల నష్టానికి కారణమని అనలేం. నీలిమందు అణువు ఆకారం బాయర్‌కు పూర్తిగా అర్థం కావడానికి మాత్రం అది దారి చూపింది.

1892లో అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలో స్ప్రే అనే చిన్న ఊళ్ళో, థామస్ విల్సన్ అల్యూమినియం తీద్దామని విద్యుత్ కొలిమి పెట్టాడు. సున్నం, తారు కలిపి కాలిస్తే కాల్షియం కార్బైడ్ వచ్చింది. నీళ్ళు పోస్తే ఎసిటిలీన్. డేవీ కోరిన చౌక దారి అలా దొరికింది. సైకిలు దీపాలు, గనుల్లో తలదీపాలు, లైట్‌హౌస్‌లు ఎసిటిలీన్‌తో వెలిగాయి. లైట్‌హౌస్ దీపాలకు స్వయంగా వెలిగి ఆరే ఏర్పాటు చేసినందుకు స్వీడన్‌కు చెందిన గుస్తావ్ డాలెన్‌కు 1912లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. అదే ఏడాది ఎసిటిలీన్ ప్రయోగంలో జరిగిన పేలుడు ఆయన చూపు తీసుకుపోయింది. వాయువు ఇలా ఇల్లిల్లూ చేరాక, పైపుల్లో రాగి వద్దన్న నియమం ఆనవాయితీగా స్థిరపడింది.

ఇక్కడ కథ మలుపు తిరుగుతుంది. మలుపు తిప్పినవాడు ఒక క్రైస్తవ మతాచార్యుడు. జూలియస్ న్యూలండ్ 1878లో బెల్జియంలో పుట్టాడు. చిన్నప్పుడే తల్లిదండ్రులతో అమెరికా చేరాడు. మతదీక్ష తీసుకున్నాడు. ఇండియానాలోని నోటర్ డామ్ విశ్వవిద్యాలయంలో చాలాకాలం వృక్షశాస్త్రం బోధించాడు, మొక్కలు సేకరించాడు, ప్రకృతి శాస్త్రాల పత్రిక ఒకటి స్థాపించాడు. కానీ 1904లో డాక్టరేట్ కోసం ఆయన ఎంచుకున్న విషయం ఎసిటిలీన్. జీవితమంతా ఆ వాయువును వదల్లేదు.

ఆయన ఎసిటిలీన్‌ను ఒంటి ఆవేశపు రాగి క్లోరైడు ద్రావణంలోకి పంపి చూసేవాడు. ఒకసారి అంతకుముందెన్నడూ ఎరగని వాసన వచ్చింది. ఆ వాసన దేనిదో తేల్చుకోవడానికి ఏళ్ళు పట్టింది. ద్రావణానికి నవాసారం కలిపితే రాగి బాగా కరిగి చర్య పుంజుకుంటుందని గమనించాడు. అక్కడ ఎర్ర అవక్షేపం గడ్డకట్టడం లేదు. రాగి ఎసిటిలీన్ అణువులను దగ్గరికి చేర్చి, ఒకదానికొకటి అతికి, వదిలేస్తోంది. వదిలాక మళ్ళీ కొత్త అణువులను పట్టుకుంటోంది. రెండు ఎసిటిలీన్‌లు కలిస్తే వైనైల్ ఎసిటిలీన్, మూడు కలిస్తే డైవైనైల్ ఎసిటిలీన్. రసాయనశాస్త్రంలో ఇలా పనిచేసేదాన్ని ఉత్ప్రేరకం అంటాం. పెళ్ళిళ్ళ పేరయ్యలా సంబంధం కుదిర్చి తాను తప్పుకుంటుంది.

1925లో రోచెస్టర్‌లో జరిగిన సదస్సులో న్యూలండ్ ఈ సంగతి చెబుతుంటే డ్యూపాంట్ కంపెనీకి చెందిన ఎల్మర్ బోల్టన్ విన్నాడు. కృత్రిమ రబ్బరు కోసం ఆయన వెతుకుతున్నాడు. కంపెనీ న్యూలండ్‌తో ఒప్పందం చేసుకుంది. 1930 ఏప్రిల్‌లో, తర్వాతి కాలంలో నైలాన్ కనిపెట్టిన వాలెస్ కరోథర్స్ బృందంలో, ఆర్నల్డ్ కాలిన్స్ ఈ పదార్థాలను శుద్ధిచేస్తూ ఒక ద్రవాన్ని వేరుచేశాడు. నిలవ ఉంచితే అది దానంతటదే గట్టిపడి బంతిలా ఎగిరే ముద్ద అయింది. వైనైల్ ఎసిటిలీన్‌కు హైడ్రోక్లోరిక్ ఆమ్లం తోడై ఏర్పడిన క్లోరోప్రీన్ అది. గట్టిపడ్డ రూపమే నియోప్రీన్. 1931లో లోకానికి ప్రకటించారు. మామూలు రబ్బరు నూనె తగిలితే ఉబ్బి పాడవుతుంది, నియోప్రీన్ తట్టుకుంటుంది. ఇంజన్ల గొట్టాలకు, బెల్టులకు, ఈతగాళ్ళ దుస్తులకు ఇవాళ్టికీ అదే వాడుతున్నారు. న్యూలండ్ పేదరిక వ్రతం పట్టినవాడు. వచ్చిన రాయల్టీ సొమ్ము ఆయన జేబులోకి వెళ్ళలేదు, ఆయన చేరిన మతసంఘానికి వెళ్ళింది. 1936లో కన్నుమూశాడు.

అదే దశకంలో జర్మనీలో వాల్టర్ రెప్పె ఇంకా సాహసం చేశాడు. అందరూ భయపడే ఆ రాగి ఎసిటిలైడ్‌నే ఉత్ప్రేరకంగా వాడాడు. దాన్ని ఆరనివ్వలేదు, పోగుపడనివ్వలేదు. సిలికా లాంటి ఆధారం మీద పలుచగా పరిచి, ఎప్పుడూ ద్రవంలో మునిగి ఉండేలా చూశాడు. ఎసిటిలీన్‌ను ఫార్మాల్డిహైడ్‌తో కలిపితే బ్యూటైన్‌డయాల్ అనే పదార్థం వస్తుంది. దాన్నుంచి ప్లాస్టిక్‌లు, ఈనాడు సాగే బట్టల్లో కనిపించే స్పాండెక్స్ నూలుకు కావలసిన సరుకు తయారవుతాయి. చైనాలో బొగ్గు, కార్బైడ్ ఆధారంగా నడిచే పెద్ద ఫ్యాక్టరీలు ఇప్పటికీ ఈ దారినే పోతున్నాయి. పైపులో పేరుకుంటే ప్రాణం తీసేది, ఫ్యాక్టరీలో తడిగా ఉండి వేల టన్నుల సరుకు తీస్తోంది.

అప్పటివరకూ రాగి ఆల్కైన్‌ను ఎలా పట్టుకుంటుందో ఎవరూ కంటితో చూడలేదు. 1950ల మొదట్లో డ్యూవర్, ఛాట్, డంకన్‌సన్ ఒక వివరణ ఇచ్చారు. లోహం బంధం చివరనే కాదు, పక్కనుంచి కూడా పట్టుకోగలదని. రెండు కార్బన్‌ల మధ్య ఉన్న ఎలక్ట్రాన్ మేఘం లోహానికి కొంత ఇస్తుంది, లోహం తిరిగి కొంత ఇస్తుంది. 1960లలో గ్లేజర్ నాటి పసుపు పదార్థాన్ని ఎక్స్‌రేలతో చూస్తే సరిగ్గా అదే కనిపించింది. ఒక్కో ఆల్కైన్‌ను చివర ఒక రాగి, పక్కల నుంచి ఇతర రాగులు పట్టుకున్నాయి. అలా అల్లుకుంటూ పోయిన అంతులేని గొలుసు అది. అందుకే ఏ ద్రావణిలోనూ సులువుగా కరగదు.

1963లో కాలిఫోర్నియాలో క్యాస్ట్రో, స్టీఫెన్స్ ఆ పసుపు పదార్థాన్ని అయోడిన్ ఉన్న బెంజీన్ వలయాలతో కలిపి మరిగించి, ఆల్కైన్‌ను వలయానికి నేరుగా అతికారు. అయితే రాగి సమ్మేళనాన్ని ముందే తయారుచేసి, ఆరబెట్టి, తూచి వేయాలి. ఆరబెట్టడమంటే పాత భయమే. 1975లో ఒసాకా విశ్వవిద్యాలయంలో కెన్‌కిచి సొనొగాషిరా, తోహ్దా, హగిహరా ఆ చిక్కు విప్పారు. పెల్లాడియం చిటికెడు, రాగి అయోడైడు చిటికెడు వేసి గది ఉష్ణోగ్రత దగ్గరే పని ముగించారు. రాగి ఎసిటిలైడ్ పాత్రలోనే క్షణక్షణం కొద్దికొద్దిగా పుడుతుంది, పుట్టగానే ఆల్కైన్‌ను పెల్లాడియానికి అప్పగిస్తుంది. పోగుపడే వ్యవధే ఉండదు. ఈ చర్య తెలియని మందుల కంపెనీ ఇవాళ లేదంటే అతిశయోక్తి కాదు. తామరకు మనం కొనే టెర్బినాఫిన్ అణువు మధ్యలో ఒక త్రిబంధం ఉంది. అలాంటి అమరికలు కట్టడానికి రాగి, పెల్లాడియం జంట బాగా అక్కరకొస్తుంది.

తర్వాతి ఘట్టం కోపెన్‌హేగన్‌లో. దానికి ముందు, మ్యూనిక్‌లో రోల్ఫ్ హుయిస్గెన్ 1960లలోనే చూపినది ఒకటుంది. ఆల్కైన్, మూడు నైట్రోజన్‌లున్న ఎజైడ్ కలిస్తే ట్రయజోల్ అనే అయిదు పరమాణువుల వలయం వస్తుంది. కానీ గంటల తరబడి వేడిచేయాలి, రెండు రకాల సరుకు కలగలిసి వచ్చేది. 2000 ప్రాంతంలో కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో మోర్టెన్ మెల్డాల్, క్రిస్టియన్ టోర్నో వేరే పని మీద ఉన్నారు. ఒక ఆమ్ల క్లోరైడును ఆల్కైన్‌తో రాగి సాయంతో అతకాలని చూశారు. ఆల్కైన్ వాళ్ళు అనుకున్న కొసను పట్టించుకోలేదు. ఆ క్లోరైడు అణువు రెండో కొసన ఉన్న ఎజైడ్‌తో కలిసి, ఒకే ఒక రకం ట్రయజోల్ ఇచ్చింది. దాన్ని పొరపాటని పారబోయకుండా మెల్డాల్ వెంటపడ్డాడు. 2002లో ఆయన పత్రం, అమెరికాలో బ్యారీ షార్ప్‌లెస్, వలేరి ఫోకిన్‌ల పత్రం విడివిడిగా వెలువడ్డాయి. రాగి ఉంటే ఈ చర్య కోటి రెట్ల దాకా వేగం పుంజుకుంటుంది, నీళ్ళలో కూడా జరుగుతుంది. 2013లో ఫోకిన్ బృందం లోపలి సంగతి తేల్చింది. పనిచేసేది ఒక రాగి కాదు, రెండు. పాత పసుపు గొలుసులో కనిపించిన ఆ రెండు రకాల పట్టులే ఇక్కడ చేయీ చేయీ కలిపి పనిచేస్తున్నాయి.

2022లో మెల్డాల్, షార్ప్‌లెస్, కారొలిన్ బెర్టోజీలకు కలిపి రసాయనశాస్త్ర నోబెల్ ఇచ్చారు. షార్ప్‌లెస్‌కు అది రెండోసారి. బెర్టోజీ చేసింది రాగి లేకుండా ఇదే పని. బతికున్న కణాలకు రాగి విషం. అందుకని ఆమె ఎనిమిది కార్బన్‌ల వలయంలో త్రిబంధాన్ని బలవంతంగా వంచి కూర్చింది. ఆ వంపులోని ఒత్తిడి రాగి చేసే పని చేసిపెట్టింది.

కణాలకు రాగి విషమన్నాను. అది మోతాదు మించితే. కొద్దిపాటి రాగిని కణం తన పనికే వాడుకుంటుంది. మామిడి కాయ పండేటప్పుడు ఎథిలీన్ అనే వాయువు పుట్టి, మాగమని కాయకు సంకేతమిస్తుంది. ఆ వాయువును కణం ఎలా కనిపెడుతుంది? 1967లోనే బర్గ్ దంపతులు అక్కడొక లోహం ఉండాలని ఊహించారు. 1999లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఆంథొనీ బ్లీకర్ బృందం ఆ లోహాన్ని తేల్చింది. అది రాగి, మన ఒంటి ఆవేశపు రాగే. ఎథిలీన్‌ను అది పక్కనుంచి పట్టుకుంటుంది.

మన పండ్ల మార్కెట్లలో కార్బైడ్ పొట్లాలు పెట్టి బంగినపల్లి కాయలు మాగబెట్టడం వెనకున్న రసాయనశాస్త్రం ఇదే. తేమ తగిలి కార్బైడ్ నుంచి ఎసిటిలీన్ వస్తుంది. కాయలోని రాగి ఎథిలీన్‌ను పట్టినట్టే ఎసిటిలీన్‌నూ పట్టుకుంటుంది, కాకపోతే చాలా బలహీనంగా. మొక్కల మీద బర్గ్ దంపతులు చేసిన పరీక్షల్లో ఎథిలీన్ చేసే పనికి ఎసిటిలీన్ రెండు వేల రెట్లకు పైనే కావలసి వచ్చింది. అంత ఎసిటిలీన్ రావాలంటే అంత కార్బైడ్ కావాలి. బజారు కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ మలినాలు ఉంటాయి, అవి వాయువుతో పాటు కాయల మీదికి, మాగబెట్టే కూలీల ఊపిరిలోకి చేరతాయి. కార్బైడ్ వాయువుతో మాగబెట్టిన పండ్లు అమ్మకూడదని 2011 నాటి ఆహార భద్రత నిబంధనలు చెబుతున్నాయి. 2016లో దానికి బదులుగా ఎథిలీన్ వాయువును, గాలిలో పది లక్షల పాళ్ళకు నూరు పాళ్ళ వరకు, అనుమతించారు. కాయలోని రాగికి ఆ నూరు పాళ్ళు చాలు.